తెల్లారేలోగా ఏం ఇవ్వగలం

‘సేవ చేయాలనే ఉంది, తీరికే లేదు’ అనే మాట డిజైనర్లు, కాపీ రైటర్లు, వీడియో ఎడిటర్లు, సోషల్ మీడియా పనులు చూసేవాళ్ల నోట తరచుగా వింటాం. అందులో అబద్ధం లేదు. క్లయింటు పని ఒక పట్టాన తెమలదు. తెమిలిందనుకున్న రోజే ‘చిన్న మార్పు’ అంటూ ఫోను వస్తుంది. ఇంకోవైపు, మంచి పని చేస్తూ కూడా ఆ సంగతి నలుగురికీ చెప్పుకోలేని చిన్న ట్రస్టులు, సొసైటీలు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. వీళ్లకు నైపుణ్యం కావాలి, వాళ్ల దగ్గర నైపుణ్యం ఉంది, ఇద్దరికీ కలిసే వేళ దొరకదు. ఈ చిక్కుకు 1998లో అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో, కొలంబియా అనే ఊళ్లో ఒక చిన్న ప్రకటనల ఏజెన్సీ తనకు తోచిన దారి వెతికింది. రిగ్స్ అనే ఆ ఏజెన్సీకి చెందిన కేథీ మొనెట్టి, టెరీసా కోల్స్ తమ సిబ్బందితో కలిసి ఏకబిగిన 24 గంటలు కూర్చుని స్వచ్ఛంద సంస్థలకు ఉచితంగా ప్రచార సామగ్రి తయారు చేసి ఇచ్చారు. దానికి క్రియేటథాన్ అని పేరు పెట్టారు. తర్వాత వేరే ఏజెన్సీలూ అందుకున్నాయి, వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ వంటి చోట్ల విద్యార్థులు కూడా అదే పద్ధతిలో రాత్రంతా పనిచేశారు. 2015లో అట్లాంటాలో మొదలైన ‘48ఇన్48’ ఇదే ఆలోచనను వెబ్‌సైట్లకు అన్వయించింది: 48 గంటల్లో 48 సంస్థలకు 48 సైట్లు. మీ వృత్తి ఏదైనా, అందులోని పనితనాన్ని ఇలా ఒక్క రాత్రిలో ధారపోయవచ్చా, పోస్తే అది నిజంగా ఎవరికైనా పనికొస్తుందా అన్నది ఈ అధ్యాయంలో చూద్దాం.

ఆ రాత్రికి అంత బలం ఎక్కడిది? ఉత్సాహంలో, వేగంలో ఉందని చాలామంది అనుకుంటారు. నిద్ర మానుకుని నలుగురూ ఒకచోట చేరితే ఆ ఊపులో గొప్ప ఆలోచనలు పుడతాయని నమ్ముతారు. నాకు అలా తోచదు. ఆ రాత్రి మనకు దొరికే అసలైన లాభం నిర్ణయం. ఒక మామూలు కరపత్రం సంగతి గమనించండి. రాయడానికి రెండు గంటలు, డిజైన్ చేయడానికి నాలుగు గంటలు చాలు. అయినా అది ప్రెస్సుకు వెళ్లేసరికి నెల దాటుతుంది. కార్యదర్శి చూశారు గానీ అధ్యక్షుడు ఊళ్లో లేరు. ఆయన వచ్చాక గౌరవ సలహాదారుల ఫొటోలు ఏవన్నారు. ఫొటోలు చేర్చేసరికి చోటు చాలక అసలు విషయం చిన్న అక్షరాల్లోకి జారిపోయింది. చివరికి అచ్చయి వచ్చిన కాగితం మీద జ్యోతి ప్రజ్వలన ఫొటో ఉంటుంది, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, కమిటీ సభ్యులందరి పేర్లూ హోదాలతో సహా ఉంటాయి. చదివినవాళ్లు తర్వాత ఏం చేయాలో మాత్రం ఎక్కడా ఉండదు. కాలం తినేసింది పని కాదు, పనికీ పనికీ మధ్య ఎదురుచూపు. రాత్రి పని ఆ ఎదురుచూపును తీసేస్తుంది. తెల్లారితే అందరూ వెళ్లిపోతారు కాబట్టి, అవునో కాదో ఇప్పుడే చెప్పక తప్పదు.

ఇది నా ఊహ మాత్రమే కాదని చెప్పడానికి ఒక పరిశోధన ఉంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యురాలు టెరీసా అమబిలే, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి ఏడు కంపెనీల్లోని 22 బృందాలకు చెందిన 177 మంది ఉద్యోగుల చేత రోజూ డైరీ రాయించారు. తొమ్మిది వేలకు పైగా వచ్చిన ఆ రాతలను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. గడువు ఒత్తిడి బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో సృజనాత్మకంగా ఆలోచించే అవకాశం మిగతా రోజుల కంటే 45 శాతం తక్కువని తేలింది. ఆ ఒత్తిడి ప్రభావం ఆ రోజుతో పోలేదు, తర్వాతి రోజుల్లోనూ కనబడింది. డెడ్‌లైన్ దగ్గరపడితేనే బుర్ర పాదరసంలా పరుగెత్తుతుందని మన రంగంలో ఉన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. అయితే ఆ పరిశోధకులే ఒక మినహాయింపునూ గుర్తించారు. ఒత్తిడి ఉన్నా కొందరి ఆలోచన చురుగ్గానే సాగింది. వాళ్లు రోజులో ఎక్కువ భాగం ఒకే పని మీద, ఎవరూ కదిలించకుండా కూర్చోగలిగారు, చేస్తున్నది ముఖ్యమైన పని అని మనసారా నమ్మారు, పెద్ద మీటింగుల్లో కాకుండా ఒకరిద్దరితోనే మాట్లాడుకుంటూ ముందుకు సాగారు. అంటే గడువు దానంతటది ఎవరినీ సృజనశీలిని చేయదు. గడువుతో పాటు ఏకాగ్రత, ప్రయోజనం మీద నమ్మకం, పక్కన ఒక తోడు ఉంటేనే అది పనిచేస్తుంది.

దీన్ని బట్టి రాత్రిని ఎలా అమర్చుకోవాలో తెలిసిపోతుంది. ఒక బృందానికి ఒకే సంస్థ ఉండాలి. ఇద్దరు ముగ్గురికి మించని చిన్న బృందమైతే మేలు. ఒక రాసేవారు, ఒక గీసేవారు, అవసరమైతే సైటు కట్టగలిగినవారు. ఆఫీసు వాట్సాప్ గ్రూపుల నుంచి ఆ రాత్రికి సెలవు తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, సంస్థ తరఫున ‘సరే’ అనగల మనిషి అదే గదిలో ఉండటం. రాత్రి రెండున్నరకు ఫోను చేస్తే ఎత్తుతానన్న హామీ సరిపోదు. నిర్ణయాధికారం ఉన్న ట్రస్టీ ఒక్కరైనా కనీసం రాత్రి పదకొండు వరకు కూర్చోలేరంటే, ఆ సంస్థతో ఈసారికి పని పెట్టుకోకపోవడమే ఇద్దరికీ మంచిది. ఇది కఠినంగా తోచవచ్చు. కానీ నిర్ణయించే మనిషి లేని రాత్రి, పైన చెప్పిన కరపత్రం కథను మరోసారి మొదలుపెట్టడమే.

ఇక అసలు కీలకం రాత్రికి ముందే ఉంది. సంస్థలు మన దగ్గరికి వచ్చినప్పుడు తమ ఇబ్బంది చెప్పవు, తమకు తోచిన వస్తువు పేరు చెబుతాయి. ‘పోస్టరు కావాలి’, ‘లోగో మార్చాలి’, ‘మాకూ ఒక వెబ్‌సైటు ఉండాలి’. ఆ మాటను యథాతథంగా పట్టుకుని రాత్రంతా కష్టపడితే, అందమైన పోస్టరు ఒకటి మిగులుతుంది. ఉదాహరణకు తలసేమియా పిల్లలకు రక్తం సమకూర్చే ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. వేసవిలో రక్తం దొరకడం లేదు, పోస్టరు చేసి పెట్టమని అడిగింది. ముందుగా ఒక సాయంత్రం కూర్చుని వివరాలు అడగండి. తీవ్రమైన తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ జీవితాంతం. అంటే వీళ్లకు ఒక్కసారి రక్తం ఇచ్చి ఫొటో దిగి వెళ్లిపోయే దాతలతో గట్టెక్కదు, మళ్లీ మళ్లీ వచ్చే దాతలు కావాలి. మన దేశపు నిబంధనల ప్రకారం మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి రక్తం ఇవ్వవచ్చు. శిబిరాలు ఎక్కువగా కాలేజీల్లో జరుగుతాయి, ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులు. సేకరించిన రక్తాన్ని నెల, నెలన్నరకు మించి నిల్వ చేయలేరు కాబట్టి, ఫిబ్రవరిలో పొంగిపొర్లినంత వచ్చినా మే నెలకు అక్కరకు రాదు. ఈ నాలుగు సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే పోస్టరు ఆలోచన దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. కావాల్సింది, ఇంతకుముందు రక్తం ఇచ్చినవాళ్ల జాబితాను సరిచేసి, వాళ్లకు గడువు తీరిన మర్నాడు తెలుగులో వెళ్లే ఒక చిన్న సందేశం. జనవరి చివర్లో ఇచ్చిన కుర్రవాడు మే నెలకు మళ్లీ అర్హుడవుతాడు, సెలవులకు ఊరెళ్లి ఉంటాడు కాబట్టి ఆ ఊరికి దగ్గర్లోని రక్తనిధి పేరు ఆ సందేశంలో ఉండాలి. ఈ అవగాహన వచ్చాక రాత్రికి మిగిలే పని చాలా స్పష్టం: మూడు సందేశాలు, ఒక ఫారం, సంస్థ కార్యకర్త వాడుకోగల ఒక పట్టిక. గోడ మీద ‘రక్తదానం మహాదానం’ అని మరోసారి రాయడం కంటే దీనికి పదింతలు ఎక్కువ ఆలోచన కావాలి, పదో వంతు రంగులు చాలు.

రాసేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. విరాళాలు అడిగేటప్పుడు అంకెలతో ఆకట్టుకోవాలని సంస్థలు ఆరాటపడతాయి: ఇన్ని వేలమందికి భోజనం, ఇన్ని వందల గ్రామాలు అని. 2007లో అమెరికాలో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ ప్రచురించిన ప్రయోగంలో, ఒక సర్వే పూర్తి చేసినందుకు ఐదు డాలర్లు అందుకున్నవాళ్లకు ఆఫ్రికా కరవు గురించి విజ్ఞప్తి ఇచ్చారు. రోకియా అనే ఏడేళ్ల మాలి దేశపు పాప గురించి మాత్రమే చదివినవాళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షలాది మంది ఆకలి గురించిన గణాంకాలు చదివినవాళ్లు 1.14 డాలర్లతో సరిపెట్టారు. ఆశ్చర్యం ఏమిటంటే, పాప కథతో పాటు గణాంకాలూ చదివినవాళ్ల సగటు 1.43 డాలర్లకే పడిపోయింది. అంకెలు కథకు బలం ఇవ్వకపోగా దాని ఉసురు తీశాయి. కాబట్టి ఒక మనిషి గురించి చెప్పండి. అలాగని ఆ మనిషి గౌరవాన్ని అమ్మకానికి పెట్టవద్దు. ఇక్కడ చట్టం కూడా ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, బడి, వాళ్లను గుర్తుపట్టే వీలిచ్చే ఏ వివరమైనా ప్రచురించడాన్ని 2015 జువనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది, ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అనాథాశ్రమాల కరపత్రాల మీద వరుసగా నిలబెట్టిన పిల్లల ముఖాలు ఎన్ని చూస్తుంటామో తలుచుకుంటే, మీరు ఆ రాత్రి చేయగల పెద్ద మేలు ఆ ఫొటోలు తీసేయించడమే కావచ్చు. వంట చేసే అవ్వ గురించి రాయండి, సాయంత్రం లెక్కలు చెప్పడానికి వచ్చే టీచరు గురించి రాయండి. వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

రాత్రంతా మేలుకోవడం గురించి నాకు ఏ మాత్రం మోజు లేదు. 1997లో ‘నేచర్’ పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి దిగజారుతుంది. 24 గంటలకు అది 0.10 శాతంతో సమానం. మన మోటారు వాహనాల చట్టం బండి నడిపేవాళ్లకు అనుమతించే పరిమితి 0.03 శాతమే. అంటే పొద్దున ఆరింటికి లేచి, రాత్రి పదకొండు దాటాక కూడా లోగో గీస్తున్న డిజైనరు, చట్టం దృష్టిలో బండి తోలకూడని మత్తులో ఉన్నవాడితో సమానం. అందుకే రాత్రి పనిని వ్యతిరేకించేవాళ్ల వాదనలో చాలా నిజం ఉంది, దాన్ని తోసిపుచ్చే బదులు దానికి తగ్గట్టు పనిని అమర్చుకోవాలి. తీర్పు అవసరమైన పనులన్నీ, ఎవరితో మాట్లాడుతున్నాం, ఏం అడుగుతున్నాం, ఏ ఫొటో వాడుతున్నాం అన్నవన్నీ రాత్రి పదకొండులోపు తేలిపోవాలి. తర్వాత మిగిలేది చేతిపని: పేజీలు పేర్చడం, సైజులు మార్చడం, ఫారంలో గళ్లు సరిచేయడం. బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, ఫోను నంబరు తెల్లవారుజామున నాలుగింటికి టైపు చేయవద్దు, చేసినా కంటినిండా నిద్రపోయి వచ్చిన మనిషి చూడకుండా ప్రెస్సుకు పంపవద్దు. ఒక్క అంకె తప్పితే ఆ కరపత్రాల కట్ట చిత్తుకాగితాలే. మధ్యాహ్నం మొదలుపెట్టి అర్ధరాత్రికి ముగించడం, లేదా శని ఆదివారాల పగళ్లు వాడుకోవడం ఇంకా మంచిది. గడువు ఉండాలి, అది తెల్లవారుజామునే ఉండాలని లేదు. పని ముగిశాక ఎవరూ బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లకుండా చూసే బాధ్యత నిర్వాహకులదే.

తెలుగులో పనిచేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక అవసరం. మన డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని జరుగుతోంది, అచ్చుకు అది పనికొచ్చింది కూడా. కానీ ఆ అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫైలులోని వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి, సైటులో పెడితే వెతికేవాళ్లకు దొరకదు. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పెట్టినప్పుడు భారతీయ భాషలకు సరిపడే టెక్స్ట్ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. ‘స్వచ్ఛంద’ అన్న మాటే ముక్కలై అచ్చవుతుంది. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, నోటో సాన్స్ తెలుగు వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. వీటిని ముందురోజే కంప్యూటర్లలో ఎక్కించి, సంస్థ పేరును ఒకసారి ప్రింటు తీసి చూసుకోవాలి. రాత్రి ఒంటిగంటకు ఫాంట్లతో కుస్తీ పట్టే బృందానికి ఆలోచించే ఓపిక మిగలదు.

ఉచితంగా చేస్తే వృత్తి విలువ పడిపోతుందన్న అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇప్పుడిప్పుడే సొంతంగా పని మొదలుపెట్టిన ఫ్రీలాన్సర్‌కు ‘ఫలానా వాళ్లు ఊరికే చేసిచ్చారు, మీరెందుకు డబ్బులడుగుతారు’ అన్న మాట నిజంగానే ఎదురవుతుంది. దీనికి జవాబు వకీళ్ల వృత్తిలో దొరుకుతుంది. అమెరికన్ బార్ అసోసియేషన్ తన నమూనా నియమావళిలో ప్రతి లాయరూ ఏడాదికి కనీసం 50 గంటలు ఉచిత సేవకు పూనుకోవాలని చెబుతుంది, ముఖ్యంగా ఫీజు కట్టలేని పేదలకు. దానివల్ల అక్కడ లాయర్ల ఫీజులు తగ్గిపోలేదు. కారణం, ఎవరికి ఉచితమో, ఎవరికి కాదో గీత స్పష్టంగా ఉంది. మనమూ ఆ గీత గీసుకోవాలి. ఏజెన్సీని పెట్టుకునే స్తోమత ఉన్న సంస్థకు ఉచితంగా చేయకూడదు. చేసిన పనికి మార్కెట్ ధర వేసి పూర్తి ఇన్వాయిస్ రాసి, కింద నూరు శాతం తగ్గింపు చూపించి సంస్థకు ఇవ్వాలి. అప్పుడు తాము అందుకున్నది ఎంత విలువైనదో ట్రస్టీలకు తెలుస్తుంది. మరుసటి ఏడు అదే పనికి బడ్జెట్‌లో ఎంత పెట్టాలో కూడా తెలుస్తుంది. అవార్డుల కోసం స్వచ్ఛంద సంస్థ పేరును వాడుకునే అలవాటు మన రంగంలో ఉంది. సంస్థకు అక్కరలేని, ఎక్కడా నిజంగా వాడని ప్రకటన తయారు చేసి పోటీకి పంపడం సేవ కాదు. మీ రాత్రి పని మీ పోర్ట్‌ఫోలియోలో చేరితే తప్పులేదు, సంస్థ దాన్ని వాడుకున్నాకే చేరాలి.

అంత కష్టం ఎందుకు, ఆ పూట సంపాదనను విరాళంగా ఇస్తే పోదా అని లెక్కలు తెలిసినవాళ్లు అడుగుతారు. ఇది బలమైన ప్రశ్న. గంటకు రెండు వేలు సంపాదించగల మనిషి వెళ్లి గోడలకు సున్నం వేస్తే, ఆ ప్రశ్నకు సమాధానం ఉండదు కూడా. సొంత నైపుణ్యంతోనే చేసే పని సంగతి వేరు. దాతలు తాము ఇచ్చిన రూపాయి నేరుగా బియ్యానికో పుస్తకానికో వెళ్లాలని కోరుకుంటారు, డిజైనరుకు చెల్లింపు అని లెక్కల్లో కనబడితే నొచ్చుకుంటారు. 2009లో ఆన్ గాగిన్స్ గ్రెగరీ, డాన్ హోవార్డ్ అనే ఇద్దరు ఈ తంతును వివరించారు: నిర్వహణ ఖర్చు తక్కువ ఉండాలని దాతలు ఆశించడం, అందుకు సరిపడేలా సంస్థలు కంప్యూటర్లకూ సిబ్బందికీ ప్రచారానికీ కోత వేయడం, కోత వేసిన అంకెలనే చూసి దాతలు ఇంకా తక్కువ ఆశించడం. ఈ చక్రంలో నలిగిపోతున్న సంస్థకు మీరు పది వేలు ఇస్తే, ఆ పది వేలు ప్రచారం మీద పెట్టే ధైర్యం వాళ్లకు ఉండదు. మీ పని ఇస్తే ఆ భయం లేకుండానే ప్రచారం జరుగుతుంది. డబ్బు వెళ్లలేని చోటికి పనితనం వెళ్లగలదు అన్నదే ఈ మొత్తం ప్రయత్నానికి ఆధారం. సంస్థకు అత్యవసరంగా కావాల్సింది అద్దె డబ్బో మందులో అయితే మాత్రం నిస్సంకోచంగా డబ్బే ఇవ్వండి.

ఒక రాత్రికి లొంగని పనులూ ఉన్నాయి. సంస్థ పేరు మార్చాలా వద్దా, వచ్చే అయిదేళ్లలో ఎవరి కోసం పనిచేయాలి, ట్రస్టీల మధ్య పొసగకపోతే ఏం చేయాలి వంటివాటిని గడువు పెట్టి తేల్చబోతే మిగిలేది గాయమే. 2001లో ఆరన్ హర్స్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించిన టాప్‌రూట్ ఫౌండేషన్ అందుకే వేరే దారి పట్టింది. నిపుణుల చిన్న బృందం వారానికి కొన్ని గంటల చొప్పున నెలల తరబడి ఒకే సంస్థతో కలిసి నడవడం దాని పద్ధతిగా ఉండేది. రెంటిలో ఏది మేలు అని అడగడం కంటే చేతిలో ఉన్న పని ఏ రకందో చూసుకోవడం ముఖ్యం. జవాబు తెలిసి, అమలు మాత్రమే మిగిలి ఉంటే రాత్రి చాలు. ప్రశ్నే ఇంకా తేలకపోతే నెలలు కావాలి. అనుమానంగా ఉంటే నెలల పనే అనుకోండి.

తెల్లారాక అప్పగింత అనే ఘట్టాన్ని చాలామంది గ్రూపు ఫొటోతో ముగిస్తారు. అది కనీసం రెండు గంటల పని. సైటు డొమైన్ ఎవరి పేరున ఉంది? మీ స్నేహితుడి కార్డుతో కొన్నదైతే, ఏడాది తిరిగాక ఎవరూ చూడని ఈమెయిలుకు రెన్యువల్ నోటీసు వచ్చి సైటు మాయమవుతుంది. డొమైను, ఫేస్‌బుక్ పేజీ, ఫారాలు అన్నీ సంస్థ పేరున ఉన్న ఈమెయిలుతోనే తెరవాలి, పాస్‌వర్డులు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. మార్చుకోవడానికి వీలుగా అసలు ఫైళ్లు ఇవ్వాలి, వాళ్ల దగ్గర లేని సాఫ్ట్‌వేర్‌లో చేసిన అందమైన ఫైలు వాళ్లకు తాళం వేసిన బీరువాలాంటిది. తర్వాత దాన్ని వాడబోయే కార్యకర్తను, అధ్యక్షుణ్ని కాదు, కూర్చోబెట్టి ఆమె చేతే ఒక సందేశం మార్పించి పంపించాలి. ఎక్కడ తడబడిందో అక్కడ మీ డిజైన్‌లో లోపం ఉందని అర్థం, అప్పటికప్పుడు సరిచేయండి. బృందంలో ఒకరు నెలకోసారి, ఆరు నెలలపాటు ఫోనులో అందుబాటులో ఉంటానని మాట ఇవ్వాలి. అందరూ ఇచ్చే మాట ఎవరూ నిలబెట్టుకోరు కాబట్టి ఆ ఒక్కరి పేరు కాగితం మీద రాసివ్వాలి.

మూడు నెలల తర్వాత ఫోను చేసినప్పుడు ‘బాగుందా’ అని అడగకండి. ఉచితంగా అందుకున్నవాళ్లు బాగుందనే అంటారు, అది మర్యాద. పైన చెప్పిన రక్తదాతల సంస్థనైతే, గుర్తుచేస్తూ ఎంతమందికి సందేశం వెళ్లింది, వాళ్లలో ఎంతమంది తిరిగి వచ్చారు, మే నెలలో పిల్లలు ఎన్నిసార్లు రక్తం కోసం ఆగాల్సి వచ్చింది అని అడగండి. సందేశం వెళ్లినా ఎవరూ రాకపోతే మాటలు మార్చాలి. అసలు సందేశమే వెళ్లకపోతే కార్యకర్తకు తీరిక లేదేమో, పట్టిక కష్టంగా ఉందేమో చూడాలి. ఆ లెక్కలు ఎవరూ రాసుకోలేదని తెలిస్తే, తర్వాతి సాయంత్రం చేయాల్సిన పని సిద్ధంగా ఉన్నట్టే: తేదీ, పేరు, ఫోను, చివరిసారి రక్తం ఇచ్చిన రోజు అని నాలుగు గళ్లున్న ఒక రిజిస్టరు, దాన్ని రోజూ నింపే మనిషి ఒకరు.